కాగితాలు దాచే కూలి

ఇల్లు కొన్న రోజు సంతకాలు పెట్టి పెట్టి చెయ్యి లాగేసింది. డాలస్‌కి ఉత్తరాన, డెంటన్ కౌంటీలో, మొన్నమొన్నటిదాకా ఆవులు మేసిన బీడులో లేచిన కాలనీ మాది. టైటిల్ కంపెనీ ఆవిడ ఒక్కో కాగితం నా వైపు తిప్పి అది దేనికో ఒక్క వాక్యంలో చెప్పేది, నేను సంతకం గీకేవాణ్ణి. ముప్ఫై ఏళ్ళ అప్పు కాగితం మీద కూడా అదే వేగంతో గీకేశాను. చివర్లో లెక్కల కాగితంలో ‘రికార్డింగ్ ఫీజు’ అనే వరస దగ్గర మాత్రం ఆగాను. మా వృత్తిలో ఉన్న జబ్బే ఇది. పెద్ద అంకెని ఎవరూ అడగరు, చిన్న అంకె మీద గంటసేపు మీటింగ్ పెడతారు.

“ఇదేంటండీ?” అన్నాను. కౌంటీవాళ్ళు మీ కాగితాన్ని పుస్తకంలోకి ఎక్కించుకోవడానికి, అంది. అంతే. ఇంటికొచ్చాక ఊరికే వెతుకుతూ కూర్చున్నాను. టెక్సస్ స్థానిక ప్రభుత్వాల చట్టంలో 118వ అధ్యాయం ఈ ఫీజుల సంగతి చెబుతుంది. దస్తావేజు మొదటి పేజీకి 5 డాలర్లు, తర్వాత ప్రతి పేజీకి 4. దాని మీద రికార్డుల నిర్వహణ, పరిరక్షణల కోసం గరిష్ఠంగా 10. ఆ పైన పాత రికార్డుల భాండాగారం కోసం గరిష్ఠంగా ఇంకో 10. అంటే నా ఇంటి కాగితాన్ని ఎక్కించడానికి అయిదయితే, నాకంటే ముందు ఎవరెవరో ఎక్కించిన కాగితాలు చెడిపోకుండా చూడటానికి ఇరవై దాకా పోవచ్చన్నమాట. వచ్చి నిండా పదేళ్ళు కాని వలసవాణ్ణి. నూటయాభై ఏళ్ళ నాటి వాళ్ళ కాగితాలు దాచే కూలి నేనెందుకు ఇవ్వాలి?

మొదట చిరాకుగానే అడిగాను ఈ ప్రశ్న. తర్వాత అది నన్ను వదల్లేదు.

ఆ రాత్రి నాన్న ఫోన్ చేశాడు. “ఏరా, రిజిస్ట్రేషన్ అయిపోయిందా? ఒరిజినల్స్ ఏవీ?” అన్నాడు. ఒరిజినల్ అంటూ ఏమీ లేదు నాన్నా, పోస్టులో వస్తుంది, రాకపోయినా ఫరవాలేదు, కౌంటీ పుస్తకంలో ఉన్నదే లెక్క అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. “ఆఫీసోళ్ళని నమ్మి ఊరుకుంటావా?” అన్నాడు చివరికి. ఆయన బీరువా లాకర్లో పాత బ్యాంకు కేలండరులో చుట్టిన దస్తావేజులున్నాయి. వాటి జెరాక్సులు రెండు సెట్లు, ఒకటి మా బాబాయి ఇంట్లో. సాఫ్ట్‌వేర్‌వాళ్ళం ‘ఆఫ్‌సైట్ బ్యాకప్’ అని పేరు పెట్టుకుని జీతాలు తీసుకునే పని ఆయన ఎప్పట్నుంచో ఊరికే చేస్తున్నాడు.

ఆయన అనుమానం ఊరికే రాలేదు. కొన్నేళ్ళ క్రితం పొలం విషయంలో 1970ల నాటి లింకు డాక్యుమెంటు కావలసి వచ్చింది. ఏ ఆఫీసో చెప్పను. సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెడితే, ఆ వాల్యూములో ఆ పేజీలు చెదలు తినేశాయన్నారు. నాన్న సర్కారు ఫీజు కట్టాడు, రసీదు లేని ఫీజూ కట్టాడు, నాలుగు నెలలు తిరిగాడు. చివరికి అమ్మినాయన మనవడి దగ్గర అసలు కాగితం దొరికి బయటపడ్డాడు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు ఎక్కేది ఒకటో నంబరు పుస్తకంలో. ఫీజు కట్టి ఎవరైనా ఆ పుస్తకం చూడొచ్చు. హక్కు ఉంది, ఫీజు ఉంది, చట్టం ఉంది. పేజీ లేదు.

కాబట్టి ఇరవై డాలర్ల మీద నా చిరాకు ఆ రాత్రికే సగం తగ్గింది. మిగతా సగం తగ్గడానికి కొంత చరిత్ర చదవాల్సొచ్చింది. చదివాక వేరే రకం చిరాకు మొదలైంది.

1875 డిసెంబరులో డెంటన్ కోర్టుహౌస్ తగలబడింది. దానితో పాటు అప్పటిదాకా ఉన్న కౌంటీ రికార్డులూ పోయాయి. అమెరికాలో వంశవృక్షాలు వెతికేవాళ్ళు ఇలాంటివాటిని ‘కాలిపోయిన కౌంటీలు’ అంటారు. ఆ మాట వినగానే వాళ్ళ మొహం వాడిపోతుంది. అలాంటి చోట్ల ఇళ్ళలో కాగితం దాచుకున్నవాళ్ళు తెచ్చి మళ్ళీ ఎక్కించుకునేవారు. మా నాన్నలాంటి వాళ్ళు బతికిపోయుంటారు. కానీ ఇంట్లో కాగితం దాచుకునే వీలు లేనివాళ్ళ సంగతేమిటి?

1875 అంటే టెక్సస్‌లో బానిసల విముక్తి ప్రకటన వినబడి పదేళ్ళు. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసల కోసం వేరే పట్టికలు వేశారు. వాటిలో యజమాని పేరు ఉంటుంది. కింద బానిసల వయసు, ఆడ మగ, ఒంటి రంగు ఉంటాయి. పేరు దాదాపు ఉండదు. అలాంటి మనిషికి పేరు ఎక్కడ దొరుకుతుంది? చాలాసార్లు కౌంటీ క్లర్కు దగ్గర. అమ్మకపు దస్తావేజులో, తనఖా పత్రంలో, యజమాని చచ్చిపోయాక ఆస్తి పంచుకున్న జాబితాలో, గుర్రానికీ నాగలికీ నడుమ. మనిషిని సరుకుగా రాసుకున్న కాగితమే ఆ మనిషి ఉండేదని చెప్పే ఏకైక సాక్ష్యం. దాన్ని కాల్చేయాలనిపిస్తుంది. కాలిపోతే ఆ మనిషి ఇంకోసారి పోతుంది.

ఇక్కడ నా వృత్తికి సంబంధించిన సంగతి ఒకటుంది, నన్ను బాగా కుదిపింది అదే. దస్తావేజుల పుస్తకాలకి రెండు సూచికలుంటాయి. ఇచ్చినవారి పేరు మీద ఒకటి, పుచ్చుకున్నవారి పేరు మీద ఒకటి. వెతకాలంటే ఆ రెండే దారులు. అమ్ముడుపోయిన మనిషి ఇచ్చినవారూ కాదు, పుచ్చుకున్నవారూ కాదు. పేరు దస్తావేజు కడుపులో ఎక్కడో ఒక వాక్యంలో ఉంటుంది, సూచికలో ఉండదు. డేటాబేస్ భాషలో చెప్పాలంటే ఆ మనిషి రికార్డులో ఉంది, కానీ కీ లేదు. ముని మనవరాలికి ఆమె దొరకాలంటే ముందు ఆమెని కొన్నవాడి పేరు తెలియాలి. నార్త్ కరొలైనాలో బంకూమ్ కౌంటీ దస్తావేజుల ఆఫీసు ఇలాంటి బానిస దస్తావేజుల్ని వెతికి, పోగుచేసి అందరికీ కనపడేలా పెట్టింది. తర్వాత అదే రాష్ట్రంలో ఒక విశ్వవిద్యాలయం ఈ పనిని చాలా కౌంటీలకి విస్తరించింది. ‘మనుషులు, ఆస్తి కాదు’ అని దాని పేరు.

అంచేత ‘కాగితం దాచడం’ అంటే ఏమిటని అడగాలి. ఆమ్లం తీసేసి, పాలియెస్టర్ పొరల మధ్య పెట్టి, మైక్రోఫిల్మ్ తీసి, స్కాన్ చేసి చల్లటి గదిలో పెట్టడం ఒక పని. సూచిక మళ్ళీ రాయడం ఇంకో పని. మొదటిదానికి కాంట్రాక్టరు దొరుకుతాడు. రెండోదానికి ఎవరి పేర్లు వెతకదగ్గవో ఎవరో ఒకరు నిర్ణయించాలి. ఆ నిర్ణయం ఏ ఫీజులోనూ లేదు. దెరిదా అనుకుంటా, ఆర్కైవ్ అన్న మాట గ్రీకులో ఏలికల ఇంటి పేరునుంచి వచ్చిందని గుర్తు చేస్తాడు. కాగితాలు వాళ్ళింట్లోనే ఉండేవి, వాటికి అర్థం చెప్పే అధికారమూ వాళ్ళదే. టెక్సస్‌లో చదువుకుంటే ఇది తత్త్వశాస్త్రంలా ఉండదు, నేలమాళిగ పటం చూపించినట్టుంటుంది. కోర్టుహౌస్‌లోనే క్లర్కు, క్లర్కు దగ్గరే పుస్తకం.

మనకి మాత్రం కొత్తా? కవిలెలు కరణం ఇంట్లో ఉండేవి. ఏ చెరువు ఎవరు తవ్వించారు, ఏ మాన్యం ఎవరిది అన్నది ఆయన అటక మీద కట్టలుగా ఉండేది. మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కైఫీయతులు రాయించినప్పుడు ఆ కట్టలే విప్పించారు. బ్రౌను తన జేబులోంచి జీతాలిచ్చి రాతప్రతులకి నకళ్ళు తీయించాడు. అందరి జ్ఞాపకానికీ ఒక్కడు కూలి ఇచ్చాడన్నమాట, ఆయనకి అదో పిచ్చి కాబట్టి. కరణం ఊరికే దాచేవాడు కాదు లెండి. ఆయన ఫీజు గింజల్లోనో వంగిన నడుముల్లోనో వసూలయ్యేది. 1984లో కరణాల వ్యవస్థ రద్దయింది. మంచిదే అయింది. పుస్తకం వంశంలోంచి ఆఫీసులోకి వచ్చింది. 1998లో రిజిస్ట్రేషన్ల శాఖలోకి కంప్యూటర్లు వచ్చాయి. ఇప్పుడు ఈసీ ఫోన్లో కనిపిస్తుంది. కానీ డీ-ఫారం పట్టా మీద బతికే దళిత కుటుంబాన్ని అడగండి. పట్టా చిరిగిపోయి, ఆఫీసు రిజిస్టరులో ఆ పేజీ కనపడకపోతే నేల కింద నేల లేనట్టే. నలుగురు సాక్షుల్ని తెచ్చుకోగలవాడికి కాగితం ఒక సౌకర్యం. మాట చెల్లనివాడికి అదొక్కటే నోరు.

ఇదే సంగతి డెంటన్లో నాకు మళ్ళీ ఎదురైంది. ఊరి నడిబొడ్డున 1896 నాటి కోర్టుహౌస్ ఉంది. సున్నపురాయి, ఎర్రరాయి, పైన గడియారం. ఇప్పుడు లోపల మ్యూజియం. శనివారం సాయంత్రం ఆ చదరంలో గిటార్లు, ఐస్‌క్రీం, పెళ్ళి ఫోటోలు. మావాళ్ళు కూడా పట్టుచీరలు కట్టుకుని ప్రీ-వెడ్డింగ్ షూట్లకి వస్తారు. నేనూ అక్కడ ఫోటో దిగాను. పచ్చిక మీద 1918లో పెట్టిన కాన్ఫెడరేట్ సైనికుడి స్మారకం 2020 జూన్‌లో తీసేసేదాకా అక్కడే ఉంది.

ఆ చదరానికి నడక దూరంలో ఒక పార్కు ఉంది. దాని పేరు క్వేకర్‌టౌన్ పార్కు. వందేళ్ళ క్రితం అది పార్కు కాదు, నల్లవాళ్ళ పేట. ఇళ్ళు, చర్చిలు, దుకాణాలు, సొంత స్థలాలు. పక్కన తెల్ల అమ్మాయిల కాలేజీ పెరుగుతోంది. 1921లో ఊరు ఓటు వేసింది. 75 వేల డాలర్ల బాండుతో ఆ పేటని కొనేసి పార్కు చెయ్యడానికి. పేట లేచిపోయింది. చాలామంది ఊరికి ఆగ్నేయంగా మళ్ళీ ఇళ్ళు వేసుకున్నారు.

ఇప్పుడు ఆ రెండు సూచికల్ని తలుచుకోండి. క్వేకర్‌టౌన్ మనుషులకి కీ ఉంది. బానిసల పిల్లలు, మనవలు ఒక తరంలో ‘పుచ్చుకున్నవారు’ అయ్యారు. ఆ సూచికలో పేరు ఎక్కడమంటే ఏమిటో వాళ్ళకి తెలిసినంత నాకు ఎప్పటికీ తెలియదు. ఆ తర్వాత 1921 నుంచి ‘ఇచ్చినవారు’ అయ్యారు. అమ్మారు అని ఉంటుంది. ఎందుకు అమ్మారో ఆ పుస్తకంలో రాసే గడి లేదు. పుస్తకం అబద్ధం చెప్పదు, నిజమూ పూర్తిగా చెప్పదు. కానీ అది లేకపోతే ‘అక్కడెవరూ ఉండేవాళ్ళు కాదు, ఖాళీ స్థలం’ అని చెప్పుకోవడం ఎంత సులువయ్యేదో!

సరే, కూలి ఎవరివ్వాలి అన్న ప్రశ్నకి వస్తాను. వాడుకునేవాడే కట్టాలి అనేది ఫీజు వెనకున్న నీతి. అద్దె ఇంట్లో ఉన్నవాడు నా దస్తావేజు ఖర్చు ఎందుకు భరించాలి? వినడానికి బావుంది. కానీ రికార్డు పనిచేసే తీరు అది కాదు. నా పేరు పుస్తకంలోకి ఎక్కిన క్షణం నుంచి లోకమంతటికీ తెలిసినట్టే అని చట్టం భావిస్తుంది. అప్పిచ్చే బ్యాంకు, పక్కింటివాడు, రేపు కొనబోయేవాడు, అందరూ దాని మీద ఆనుకుంటారు. వెతుక్కునే ముని మనవరాలు ఆ కౌంటీలో సెంటు భూమి కొనకపోవచ్చు. లాభం అందరిదీ అయినప్పుడు ఖర్చూ అందరిదీ కావాలి, అంటే మామూలు పన్నుల్లోంచి రావాలి. ఇళ్ళ అమ్మకాలు పడిపోయిన ఏడాది ఈ ఫీజులూ పడిపోతాయి. చెదలు మాత్రం వడ్డీ రేట్లు చూసి తినవు.

సిద్ధాంతంగా ఇదే నా అభిప్రాయం. కానీ పన్నుల సొమ్ము దగ్గర పాత కాగితం ఎవరితో పోటీ పడాలో చూడండి. రోడ్లు, జైలు, అంబులెన్సులు. ప్రతిదాని వెనకా అరిచేవాళ్ళున్నారు. 1870ల నాటి పుస్తకం వెనక ఎవరున్నారు? పోయినవాళ్ళకి ఓటు లేదు, పుట్టనివాళ్ళకి అసలే లేదు. సమాజమంటే పోయినవాళ్ళు, ఉన్నవాళ్ళు, రాబోయేవాళ్ళు కలిసి చేసుకున్న ఒప్పందం అని బర్క్ అన్నాడు. చచ్చినవాళ్ళ పెత్తనం ఏమిటని టామ్ పేన్ విరుచుకుపడ్డాడు. నాకు పేన్ అంటేనే ఇష్టం. అయినా బడ్జెట్ మీటింగులో మాత్రం బర్క్ పక్కన కూర్చోవాలనిపిస్తుంది. ఫీజు సొమ్ము విడిగా ఒక ఖాతాలో పడుతుంది. దాన్ని ఇంకో పనికి మళ్ళించకూడదని చట్టంలో ఉంది. క్లర్కు ప్రతి ఏడాదీ ఏ పుస్తకాలు బాగుచేస్తారో లిఖితంగా ప్రణాళిక ఇవ్వాలి, కౌంటీ కమిషనర్లు దాని మీద బహిరంగ విచారణ జరపాలి. ఇది అందంగా లేదు, కానీ కంచె. నా ఇరవై డాలర్లకి నేను ఒప్పుకున్నది ఆ కంచె కోసం.

ఒప్పుకోలేని చోటు వేరే ఉంది. టెక్సస్‌లో ఫెలనీ నేరం రుజువైనవాడు స్థానిక ఖర్చుల కింద 105 డాలర్లు కట్టాలి. దాన్లో సుమారు 25 కౌంటీ రికార్డుల పరిరక్షణ నిధికి పోతుంది. ఇంకో వాటా కోర్టుహౌస్ భద్రతకి. అంటే శిక్ష పడ్డవాడు తన శిక్ష రాసున్న కాగితాన్ని భద్రంగా దాచడానికి డబ్బు కడుతున్నాడు. బయటకొచ్చాక ఇల్లు అద్దెకడిగితే, ఉద్యోగం అడిగితే అదే కాగితం పైకొస్తుంది. నేను దాచమన్నది నా హక్కుని. అతను డబ్బిచ్చి దాయిస్తున్నది తన మచ్చని. ఇద్దరి డబ్బూ పనిచేసేది ఆ కౌంటీ కాగితాల కోసమే. వాడుకునేవాడే కట్టాలన్న నీతి ఇక్కడ వెక్కిరింతలా వినిపిస్తుంది. అతను కోర్టుని ‘వాడుకున్నాడా’? కోర్టులు ఫీజులకి అలవాటుపడితే ఏమవుతుందో ఫెర్గూసన్ ఊరి మీద 2015లో అమెరికా న్యాయశాఖ ఇచ్చిన నివేదిక చెప్పింది. న్యాయం కంటే రాబడి ముందుకొస్తుంది. ఆ 25 డాలర్లు నా దగ్గర తీసుకోమని చెప్పగలను. ఇల్లు కొనేవాళ్ళందరి మీదా ఇంకో రెండు డాలర్లు వేసినా ఎవరికీ తెలియను కూడా తెలియదు. నాకు తెలిసిందంటే నా జబ్బు వల్ల.

కోర్టుహౌస్ భవనాల సంగతి ఒక్క మాట. డెంటన్ కోర్టుహౌస్ కట్టిన డబ్ల్యూ. సి. డాడ్సనే హిల్ కౌంటీలో 1890 నాటి కోర్టుహౌస్‌నీ కట్టాడు. 1993 జనవరి 1న అది తగలబడింది. ఆ కౌంటీలోనే పుట్టిన విల్లీ నెల్సన్ కచేరీ చేసి చందాలు పోగుచేశాడు. 1998లో టెక్సస్ కోర్టుహౌస్‌లని దేశంలో ప్రమాదంలో ఉన్న చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు. 1999లో రాష్ట్రం ఒక పథకం పెట్టింది. రాష్ట్రం కొంత, కౌంటీ కొంత. 254 కౌంటీల్లో ఇప్పటికి డెబ్బైకి పైగా భవనాలు పూర్వరూపానికి వచ్చాయి. నాకిది నచ్చింది. భవనానికి గాయకుడు దొరుకుతాడు, ఫోటో దొరుకుతుంది. పుస్తకానికి దొరకరు. అందుకే భవనాన్ని పాటలకి వదిలేసి, ఫీజులో మొదటి ముద్ద పుస్తకానికి పెట్టాలంటాను. ఆ రాళ్ళంటే నాకూ మోజే, కానీ క్వేకర్‌టౌన్‌ని లేపేసిన ఏడాది కూడా ఆ గడియారం సరిగ్గానే కొట్టుంటుంది.

ఇంకొకటి. ఈ దేశంలో పాత కాలనీల దస్తావేజుల్లో ‘తెల్లవారు కానివారికి అమ్మరాదు’ అనే షరతులు ఇప్పటికీ కనిపిస్తాయి. 1948లో సుప్రీంకోర్టు వాటిని అమలు చెయ్యడానికి వీల్లేదంది. మనం తెల్లవాళ్ళం కామని 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అదే కోర్టు తేల్చింది కాబట్టి ఆ షరతు నాకూ వర్తించేదే. 2021లో టెక్సస్ చట్టం తెచ్చింది, ఇంటి యజమాని అడిగితే అలాంటి వాక్యాన్ని తీయించుకోవచ్చు. మా సహోద్యోగి ఒకాయన పాత ఇల్లు కొని, ఆ వాక్యం చూసి, తీయించనా ఉంచనా అని నన్ను అడిగాడు. మా పిల్లలు చదవకూడదు అంటాడు. మీ పిల్లలే చదవాలి అన్నాను. అన్నాక ఆలోచించాను. నా కాలనీ నిన్నటిది, నా కాగితంలో ఆ వాక్యం లేదు. ఉన్నవాడికి ఉంచుకోమని చెప్పడం సులువు. ఆయనింకా తేల్చుకోలేదు.

మూడు వారాలకి నా దస్తావేజు పోస్టులో వచ్చింది. పైన కౌంటీ ముద్ర, నంబరు, తేదీ, గంట, నిమిషం, కట్టిన ఫీజు. ఫోటో తీసి నాన్నకి పంపాను. పెద్దది చేసి నంబరు కాగితం మీద రాసుకున్నాడట. “లామినేషన్ చేయించకు, కాగితం ఊపిరాడక పాడవుద్ది,” అన్నాడు. సంగ్రహాలయాలవాళ్ళు కూడా అదే మాట చెబుతారు. ఈ ఏడాది రికార్డుల ప్రణాళిక మీద విచారణ జరుగుతుంటే నేను వెళ్ళలేదు, ఆఫీసులో రిలీజు ఉంది. వచ్చే ఏడాది వెళ్ళి, 1921, 22 పుస్తకాలకి పేర్ల సూచిక మళ్ళీ రాయడానికి ఎంతవుతుందని అడగాలని కేలండరులో పెట్టుకున్నాను.